కంప్యూటరు మెమరీలో రకాలు: కళ్లమేది, గాదె ఏది?

కంప్యూటరు గాని, సెల్‌ఫోను గాని కొనబోయిన కుటుంబానికి దుకాణంలో మొదట వినిపించే మాట "మెమరీ". "దీనిలో 128 జీబీ మెమరీ ఉన్నది" అంటారు. వేరువేరు పనులు చేసే రెండు వస్తువులకు ఆ ఒక్క మాటనే వాడడం వలన, టమోటా కాపు మీద వచ్చిన డబ్బు అక్కరలేని చోట ఖర్చయిపోతున్నది. కనుక ఆ రెండింటినీ విడదీసి చూద్దాము.

రాగి కంకులను కళ్లంలో నూర్చుతాము, గింజలను గాదెలో పోస్తాము. కంప్యూటరులో కళ్లం వంటిది ర్యామ్. మనము తెరచిన ఉత్తరము, చూస్తున్న చిత్రము, ఆ క్షణాన నడుస్తున్న ప్రోగ్రాము అన్నీ దీనిలోనే ఉంటాయి. గాదె వంటిది హార్డ్ డిస్కు. ఇప్పటి యంత్రాలలో ఎస్‌ఎస్‌డీ. గాదె ఎంత పెద్దదైనా కళ్లం ఇరుకైతే నూర్పిడి సాగదు. 512 జీబీ నిలువ ఉన్నా ర్యామ్ 4 జీబీ మాత్రమే గల యంత్రము నత్తనడక నడవడానికి తరచుగా ఇదే కారణం.

ర్యామ్‌కు మరొక గుణం కలదు. కరెంటు పోతే అన్నీ మరచిపోతుంది. ఒక సాయంత్రం నేను పదవ తరగతి మార్కుల పట్టికను రెండు గంటలసేపు టైపు చేసి, ఒక్కసారి కూడా 'సేవ్' నొక్కక మునుపే కరెంటు పోయినది. మరునాడే పట్టిక ఇవ్వవలసి ఉండినందున రాత్రంతా చేతితో వ్రాశాను. తప్పు యంత్రానిది కాదు, నాదే. 'సేవ్' నొక్కడమంటే కళ్లంలోని గింజలను గాదెకు చేర్చడము.

2000 దశకం ఆరంభంలో కర్ణాటక ప్రభుత్వం 'భూమి' పథకం క్రింద పహణీలను కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు, "కరెంటు పోతే మా పొలం కూడా పోతుందా, అయ్యవారూ?" అని ఊరి పెద్దాయన ఒకరు నన్ను అడిగారు. నవ్వవలసిన ప్రశ్న కాదది. పహణీ ఉండేది డిస్కులో. కరెంటు లేకున్నా చెరగదు. అప్పటికప్పుడు టైపు చేస్తూ ఇంకా భద్రపరచని వ్రాత మాత్రమే పోతుంది.

ర్యామ్ ఎందుకు మరచిపోతుంది? దాని చిప్పులో కెపాసిటర్లు అనే అతి సూక్ష్మమైన విద్యుత్తు కుండలు కోట్ల కొలదిగా ఉంటాయి. నిండిన కుండ 1, ఖాళీ కుండ 0 అని లెక్క. ఈ కుండలు ఎల్లప్పుడూ కారుతూనే ఉంటాయి. అందుచేత ప్రతి కుండనూ సాధారణంగా 64 మిల్లీసెకన్లకు ఒకసారి, అనగా సెకనుకు సుమారు 15 సార్లు, తిరిగి నింపవలసి వస్తుంది. ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరుతో పని జరిపించే ఈ పద్ధతికి ఐబీఎం సంస్థకు చెందిన రాబర్ట్ డెనార్డ్ 1968లో పేటెంటు పొందారు. 1970లో వచ్చిన ఇంటెల్ 1103 చిప్పులో పట్టినవి 1,024 బిట్లే.

ప్రాసెసరులోనే ఉండే క్యాష్ మెమరీ చేతిలోని చేట వంటిది. చిన్నది, మిక్కిలి వేగమైనది, ఖరీదైనది.

రోమ్ సంగతి వేరు. కోలారమ్మ గుడిలోని చోళుల కాలపు శాసనాలను మనము చదవగలము గాని మార్చలేము. తొలినాటి రోమ్ కూడా అట్టిదే. వ్రాత కర్మాగారంలోనే ముగిసేది. ఇప్పుడు ఫోను పెట్టెల మీద "8 జీబీ ర్యామ్, 128 జీబీ రోమ్" అని అచ్చువేస్తున్నారు. ఆ 128 నిజానికి రోమ్ కాదు, గాదెయే. "8+8 ర్యామ్" అన్న ప్రకటనలో రెండవ 8 కూడా గాదెలో ఒక మూలను కళ్లంగా వాడుకొనడమే. అసలు ర్యామ్ వేగం దానికి రాదు.

పెన్ డ్రైవు, మెమరీ కార్డు, ఎస్‌ఎస్‌డీలలో ఉన్నది ఫ్లాష్ మెమరీ. జపానులోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా 1980 దశకంలో దీనిని రూపొందించారు. కరెంటు లేకున్నా గుర్తుంచుకుంటుంది గాని, వ్రాసి చెరపడానికి ఒక పరిమితి గలదు. పిల్లల మార్కుల జాబితాలను, కుల, ఆదాయ ధృవపత్రాలను ఒక్క పెన్ డ్రైవులోనే పెట్టి నిశ్చింతగా ఉండరాదు. రెండవ ప్రతి వేరే చోట ఉండవలెను.

ర్యామ్ పలక అంచున కనిపించే పసుపుపచ్చని గీతల మీద పలుచని బంగారు పూత ఉంటుంది. కె.జి.ఎఫ్. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి గాని, బంగారం తుప్పు పట్టదన్న సంగతి మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. యంత్రము తెరుచుకోకుంటే ఆ గీతలను పెన్సిలు రబ్బరుతో తుడవడం దుకాణాలలో చూస్తాము. మెల్లగా తుడిస్తే దుమ్ము పోతుంది. గట్టిగా రుద్దితే పూతే పోతుంది.

పాత కంప్యూటరుకు ర్యామ్ పెంచదలచినవారు దాని తరమును మొదట తెలుసుకొనవలెను. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 పలకలకు గాటు వేరువేరు చోట్ల ఉంటుంది. ఒకదాని గూటిలో మరొకటి దిగదు, బలవంతం చేస్తే విరుగుతుంది. పాత పలకను విప్పి చేత పట్టుకొని దుకాణానికి వెళ్ళడం ఉత్తమం. పలుచని ల్యాప్‌టాపులు పెక్కింటిలోను, ఫోన్లలోను ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తారు. వాటికి తరువాత పెంచే వీలు లేదు కనుక, కొనే రోజుననే ర్యామ్ ఎంత, నిలువ ఎంత అని రెండు అంకెలనూ విడివిడిగా అడిగి, బిల్లు మీద వ్రాయించుకొనవలెను.