స్త్రీల వైద్యానికి చదివిన తొలి తరం

స్త్రీల వైద్యంలో పీజీ సీటు కోసం రాత్రింబవళ్లు చదివే మనవరాళ్లు నేడు మన ఇళ్లలో ఉన్నారు. ఆ దారి వేసిన వారిలో మేరీ షార్లీబ్ ఒకరు.

న్యాయవాది అయిన భర్తతో ఆమె 1866లో ఇంగ్లండు నుండి మద్రాసు వచ్చారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ఘోషా స్త్రీలు మగ డాక్టరుకు చూపించుకునేవారు కారు. కాన్పు కష్టమైతే ప్రాణాల మీదికి వచ్చేది. ఇది చూసి చలించిన ఆమె ముందు కాన్పులు చేయడం నేర్చుకున్నారు. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీ తొలిసారిగా చేర్చుకున్న నలుగురు స్త్రీలలో ఆమె ఒకరు. అప్పటికే పిల్లల తల్లి. 1878లో పట్టా పొందారు.

అంతటితో ఆగక లండన్ వెళ్లి, 1882లో ఎం.బి. పరీక్షలో ప్రసూతి శాస్త్రానికి బంగారు పతకం సాధించారు. అయినా చేతికి అనుభవం చాలదని, కష్టమైన కాన్పులు చేయడం నేర్చుకోవడానికి వియన్నా వెళ్లారు. 1883లో మద్రాసు తిరిగి వచ్చారు. ఆమె కృషితో 1885లో స్త్రీల ఆస్పత్రి వెలిసింది. నేటి చెన్నై కస్తూర్బా గాంధీ ఆస్పత్రి అదే.

ఈ శాఖకే ప్రత్యేకించిన కాలేజీ బ్రిటన్‌లో 1929లో గాని ఏర్పడలేదు. దాని సభ్యత్వ పరీక్షకు వెళ్లేవారు తాము స్వయంగా చూసిన కేసుల వివరాలు రాసి సమర్పించవలసి వచ్చేది. పుస్తకం ఎంత చదివినా, పక్కనున్న తల్లిని చూడనిదే ఈ చదువు పూర్తికాదని షార్లీబ్ ముందే గ్రహించారు. మన మనవరాళ్లకు మనం చెప్పవలసిన మాట కూడా ఇదే.