ఆంజూ కౌంటుల వంశావళి: 1096 నాటి స్వీయకథనము

1154లో ఇంగ్లండు సింహాసనము నధిష్ఠించిన రెండవ హెన్రీ పితృవంశమువారు, ఫ్రాన్సు దేశమున లువార్ నదీప్రాంతమందలి ఆంజూ మండలమును రెండు శతాబ్దులకు పైగా పాలించిన కౌంటులు. చరిత్రరచన ప్రాయికముగా మఠవాసుల చేతిలోనే యుండిన కాలమున, ఆ వంశమువాడే యగు నాలుగవ ఫుల్కు 1096లో తన పూర్వుల వృత్తాంతమును తన పేరిటనే లాటిన్ భాషలో గ్రంథస్థము గావించెను. అందు నేడొక శకలము మాత్రమే లభ్యమగుచున్నను, వంశావళు లేయే యవసరములకు లోబడి రూపొందునో తెలిసికొనుటకు దీనికి సాటివచ్చు సాధన మరుదని నా యభిప్రాయము.

ఫుల్కు తన కథను మూలపురుషునితోగాక తనతోనే యారంభించినాడు. తాను షాతో-లాండన్ ప్రభువగు జెఫ్రీ కుమారుడ ననియు, ఆంజూ కౌంటగు ఫుల్కు కూతురు ఎర్మంగార్డ్ తన తల్లి యనియు, జెఫ్రీ మార్టెల్ తనకు మేనమామ యనియు మొదటనే చెప్పుకొనెను. ఈ క్రమమునకు బలమైన హేతువు కలదు. 987 మొదలు 1040 వరకు పాలించి, కోటలు కట్టించి, జెరూసలేము యాత్ర పలుమారులు చేసిన ఎర్మంగార్డ్ తండ్రి ఫుల్కు నెర్రాకు కుమారుడు మార్టెల్. అతడు 1060లో నిస్సంతుగా మరణించుటతో పురుషసంతతి తెగిపోయి, రాజ్యము దౌహిత్రులకు సంక్రమించినది. మేనమామ తన పదునేడవ యేట ఆంజేర్ నగరమున తన కాయుధధారణ చేయించి, సాంతోంజ్ ప్రాంతము నప్పగించెనని ఫుల్కు చెప్పుకొన్నది, తన స్వత్వమునకు సాక్ష్యముగానే. తన యన్నయగు జెఫ్రీ యుండగా, అతనితో పోరాడి, 1068లో బంధించి, దీర్ఘకాలము చెరలో నుంచి తాను ప్రభువైనవాడు గనుక, మేనమామ యనుగ్రహమును నొక్కి చెప్పుకొనుట అతనికి తప్పనిసరి యయ్యెను.

ఇట్టి యవసరమే మూలపురుషుని ప్రస్తావనయందును గోచరించును. తొలి కౌంటగు ఇంగెల్గర్‌కు ఆంజూ నొసగిన రాజు అధర్మపరుడగు ఫిలిప్పు వంశమువాడు గాడనియు, బట్టతల చార్లెసు సంతతివాడనియు ఫుల్కు వ్రాసినాడు. తొమ్మిదవ శతాబ్దపు దానమును గూర్చి చెప్పుచు, తనకు సమకాలికుడగు ఫ్రాన్సు రాజును నిందింప నేల? 1092లో ఆ ఫిలిప్పు ఫుల్కు భార్యయగు బెర్‌త్రాద్‌ను తన కడకు చేర్చుకొని వివాహమాడెను. పూర్వకాలీనమగు నొక దానవిషయమును చెప్పు వాక్యమున నాలుగేండ్లనాటి గృహావమానము చొరబడుట యిచ్చట స్పష్టముగా కానవచ్చును. దీనిని కేవలము కోపోద్రేకమని త్రోసిపుచ్చరాదు. ఆంజూ ప్రభుత్వము చార్లెసు వంశీయులగు కారొలింజియను రాజుల నుండి సంక్రమించినదైనచో, అటుపిమ్మట వచ్చిన కపేషియను వంశపు ఫిలిప్పునకు దానిపై కృతజ్ఞతాఋణము నడుగు హక్కు లేకపోవునను రాజకీయవాదము గూడ అం దిమిడియున్నది.

అయినను ఫుల్కు నిజాయితీ ప్రశంసార్హము. తొలి ప్రభువుల కృత్యములను తగురీతిని వర్ణింపజాలననియు, వారి దేహము లెచ్చట సమాధియైనవో గూడ తన కెరుక లేదనియు అతడు విస్పష్టముగా నొప్పుకొనెను. తరువాతివారి కీ సంయమము లేకపోయెను. పండ్రెండవ శతాబ్దమున వెలసి, పలువురి చేతులలో పెరిగిన ఆంజూ కౌంటుల చరిత్ర, ఇంగెల్గర్‌కు టెర్టుల్లస్ అను తండ్రిని, ఆతనికిని పూర్వుడుగా చార్లెసు కొలువున అడవులకు అధికారియైన టోర్టుల్ఫును సమకూర్చినది. మార్మూత్యే మఠవాసి జాన్ దానిని సంస్కరించి రెండవ హెన్రీకే అంకితమిచ్చెను. రాజు మూలమును ప్రశ్నించువారికి కథ సిద్ధముగా నుండవలెను గదా! దానపత్రములలో మాత్రము ఇంగెల్గర్‌కు పైమెట్టు కానరాదు. ఎర్రని ఫుల్కు 929లో వ్రాయించిన పత్రమున తన తండ్రి ఇంగెల్గర్ పేరును, భార్య రొసిల్లా పేరును స్మరించినాడు. తండ్రి ఆత్మశాంతికై భూమి నిచ్చువాడు తండ్రి పేరును కల్పింపడు గనుక, వంశము నచ్చటితో నారంభించుటయే యుక్తము.

ఈ వంశాభ్యుదయములో స్త్రీలద్వారా సంక్రమించిన స్వత్వమునకు గల స్థానమును చరిత్రకారులు మరింత గమనింపవలసియున్నది. బెర్‌త్రాద్ కుమారుడగు అయిదవ ఫుల్కు భార్య మెలిసెండ్ హక్కువలన 1131లో జెరూసలేము రాజాయెను. అతని కుమారుడు జెఫ్రీ 1128లో ఇంగ్లండు రాజపుత్రి మటిల్డాను పెండ్లాడుటచేతనే, హెన్రీకి మాతామహుని సింహాసనము లభించెను.

లిఖితసాక్ష్యములకు తోడు డాలుపై చిహ్నములును పరిశీలనీయములు. 1151లో మరణించిన ఆ జెఫ్రీ స్మారకముగా ల మాన్స్‌లో నెలకొల్పిన రంగుల మీనాఫలకమున, అతని నీలవర్ణపు డాలుపై బంగారు సింహములు కలవు. హెన్రీకి వివాహేతరముగా జనించి 1226లో మరణించిన విలియం లాంగెస్పే సమాధి సాలిస్‌బరీ దేవాలయమున నున్నది. ఆ శిలాప్రతిమ డాలుపై ఆరు సింహములు చెక్కబడియున్నవి. సింహాసనమున కనర్హుడైన యాతడు తాతగారి చిహ్నమునే ధరించుటవలన, వంశచిహ్నములు అప్పటికి పితామహుని నుండి పౌత్రునకు సంక్రమించుట ప్రారంభమైనదని తెలియును. టెర్టుల్లస్ కథకంటె ఈ రెండు డాళ్లకే నేనెక్కువ ప్రామాణ్యము నిచ్చెదను.