సైలెన్సర్ లీకు

చిన్న పెట్రోలు ఇంజన్‌లో కాలిన పొగ సైలెన్సర్ చివరిదాకా పోకుండా అతుకు దగ్గరే బయటపడటం. పల్నాడులో మిరప, పత్తి చేలకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్‌కైనా, కొండవీడు ఘాట్ రోడ్డెక్కే బండికైనా జబ్బు ఒకటే: అదురుకు నట్లు వదులవుతాయి, వేడికి గాస్కెట్ మాడుతుంది. టపటప చప్పుడు, అతుకు చుట్టూ మసి దీని గుర్తులు. అనుమానముంటే చల్లటి ఇంజన్‌కు సబ్బునీళ్లు రాసి స్టార్ట్ చేయాలి, లీకున్నచోట బుడగలొస్తాయి.

ఇంజన్ చల్లారాక సైలెన్సర్ విప్పి, మసి గీకి, కొత్త గాస్కెట్ వేయాలి. నలిగిన పాతది మళ్లీ పనికిరాదు. నట్లను ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. ఒకవైపే బిగిస్తే అంచు వంగుతుంది. మామూలు ఎంసీల్ పూత ఈ వేడికి నిలవదు, దండగ. గొట్టమే పగిలితే వెల్డింగ్ చేయించాలి. పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అందుకే మూసిన కొట్టంలో ఇంజన్ నడపవద్దు.