గేటు దాటిన పనితనం: బాలానగర్ కథ

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పిన కథను చదువుకోడానికి వీలుగా కుదించి ఇక్కడ పెడుతున్నా.

హైదరాబాద్‌కు మందుల తయారీలో ఇంత పేరు ఎట్లా వచ్చిందని అడిగితే, నేను బాలానగర్‌లోని ఐడీపీఎల్ గేటు చూపిస్తా. 1961లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ అది. సోవియట్ సాయంతో ఇక్కడ దాని ప్లాంటు కట్టారు. రియాక్టర్‌ను ఎంత వేడి మీద నడపాలి, ఎప్పుడు చల్లార్చాలి, మందును ఎట్లా వడగట్టాలి? పుస్తకంలో సగమే దొరుకుతుంది. మిగతా సగం షిఫ్టులో పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

1972లో కొత్త పేటెంట్ చట్టం అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి 2005 దాకా మందు మీద పేటెంట్ లేకుండె, తయారుచేసే పద్ధతి మీదే ఉండె. వేరే పద్ధతి తెలిసినవాళ్లు అదే మందు చేసి అమ్ముకోగలిగేవాళ్లు. ఆ విద్య తెలిసినవాళ్లు ఐడీపీఎల్‌లో ఉన్నారు. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి గారు బయటికొచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. ఇంకా చాలామంది అదే దారి పట్టారు.

కెమిస్టు ఒక్కడితో మందు తయారు కాదు. ట్యాంకు లోపల వెల్డింగ్ నున్నగా లేకపోతే పాత సరుకు అంటుకుని కొత్తది పాడవుతుందని కెమిస్టు చెప్పాలి. అంత నున్నగా ఎట్లా చేయాలో వెల్డర్ చెప్పాలి. బాలానగర్‌లో లేత్ షాపులు, వెల్డింగ్ షెడ్లు, హెచ్ఏఎల్, 1968లో వచ్చిన టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ, అన్నీ దగ్గర దగ్గరే. వేర్వేరు పనులవాళ్లు పక్కపక్కన ఉన్నచోటే కొత్త పని పుడుతుందని జేన్ జేకబ్స్ 1969లోనే రాసింది.

ఇంతమందికి నేర్పిన ఐడీపీఎల్ మాత్రం నష్టాల్లో మునిగి, 1992లో ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందుకు పోయింది. ఊరు బాగుపడ్డది, నేర్పిన ఫ్యాక్టరీ మిగల్లేదు.

నాకు ఇందులో ముఖ్యంగా కనబడేది ఒకటే. ఆ ఇంజనీర్లు రాజీనామా చేసి గేటు దాటి పోగలిగారు, అందుకే విద్య పాకింది. గల్ఫ్‌లో మన వీసా ఏళ్ల తరబడి కఫీల్ చేతిలోనే ఉండె. పదేళ్లు నేర్చిన పని పక్క కంపెనీకి తీసుకుపోలేకపోయినం. ఖతర్ 2020లో ఎన్ఓసీ లేకుండా కంపెనీ మారొచ్చన్నది. ఇది మన జీతం ముచ్చట ఒక్కటే కాదు, ఆ దేశం ఎదగడానికి కూడా అవసరమే.

మీ క్యాంపులో వేరే ట్రేడ్ అన్న దగ్గర మీరు నేర్చుకున్న పని ఏంది? వాయిస్ మెసేజ్ పంపండి.