వీడియో అద్దె షాపుల క్షీణత: అమెరికా అనుభవం

7.1 పరిచయం

ఒక వ్యాపారం అంతరించినప్పుడు దానికి ఒకే కారణం చెప్పడం సులభం. ‘స్ట్రీమింగ్ వచ్చింది, వీడియో షాపులు మూతపడ్డాయి’ అనే మాట అలాంటిదే. ఇది పూర్తిగా తప్పు కాదు. అయితే కాలక్రమాన్ని పరిశీలిస్తే, స్ట్రీమింగ్ బలపడక ముందే ఆ షాపులు బలహీనపడ్డాయని మీకు తెలుస్తుంది. ఈ విభాగంలో అమెరికాలోని వీడియో అద్దె వ్యాపారాన్ని, ముఖ్యంగా బ్లాక్‌బస్టర్ సంస్థను ఉదాహరణగా తీసుకొని ఆ కారణాలను తెలుసుకొందాం. చదివేటప్పుడు ప్రతి దశలోనూ ఒక ప్రశ్న వేసుకోండి: సినిమా కాపీ ఎవరి చేతిలో ఉంది?

7.2 వ్యాపారానికి పునాది

1977లో లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ అట్కిన్సన్ అనే వ్యాపారి సినిమా క్యాసెట్లను అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఇందుకు సినిమా కంపెనీల అనుమతి అవసరం కాలేదు. 1976 నాటి అమెరికా కాపీరైట్ చట్టంలో ‘మొదటి అమ్మకం’ సూత్రం ఉంది. దీని ప్రకారం చట్టబద్ధంగా కొన్న కాపీని కొన్నవారు తిరిగి అమ్మవచ్చు, అద్దెకు ఇవ్వవచ్చు. మీరు కొన్న పుస్తకాన్ని చదివిన తర్వాత పాత పుస్తకాల షాపులో అమ్మడం వంటిదే ఇది.

రెండో ఆధారం ధర. కొత్త సినిమా క్యాసెట్ తరచుగా 70, 80 డాలర్ల దాకా పలికేది. సాధారణ కుటుంబం దాన్ని కొనలేదు, కానీ కొద్ది డాలర్లకు అద్దెకు తెచ్చుకోగలదు. అమెరికాలోని తెలుగు కుటుంబాలకూ ఈ పద్ధతి పరిచయమే. అక్కడి భారతీయ కిరాణా షాపుల్లో పప్పులు, పచ్చళ్లతో పాటు తెలుగు, హిందీ సినిమా క్యాసెట్లు అద్దెకు దొరికేవి.

7.3 బ్లాక్‌బస్టర్: బలమే బలహీనత

బ్లాక్‌బస్టర్ మొదటి షాపు 1985లో డల్లాస్‌లో ప్రారంభమైంది. వేగంగా విస్తరించిన ఈ సంస్థను 1994లో వయాకామ్ 840 కోట్ల డాలర్లకు కొన్నది. ఈ విస్తరణలో అనేక చిన్న షాపులు పోటీకి నిలవలేకపోయాయి. 2004 నాటికి బ్లాక్‌బస్టర్‌కు ప్రపంచవ్యాప్తంగా సుమారు 9,000 షాపులు ఉండేవి.

సంస్థ ఆదాయంలో ఆలస్య రుసుము ముఖ్య భాగం. 2000లో ఈ రుసుముల ద్వారానే సుమారు 80 కోట్ల డాలర్లు వచ్చాయి. అంటే వినియోగదారుల అసంతృప్తికి ఏది కారణమో, సంస్థ రాబడికీ అదే ఆధారం.

ఇంతలో డీవీడీ వచ్చింది. దీనివల్ల రెండు మార్పులు జరిగాయి. ధర తక్కువ కావడంతో అనేకమంది సినిమాలను కొనుక్కోవడం మొదలుపెట్టారు. బరువు తక్కువ కావడంతో డిస్కును కవరులో పెట్టి తపాలాలో పంపడం సాధ్యమైంది. 1997లో స్థాపితమైన నెట్‌ఫ్లిక్స్ ఈ రెండో మార్పును ఉపయోగించుకుంది. 1999లో చందా పద్ధతిని ప్రవేశపెట్టి, తర్వాత ఆలస్య రుసుమును తొలగించింది. 2000లో తమ సంస్థను 5 కోట్ల డాలర్లకు అమ్ముతామని బ్లాక్‌బస్టర్‌ను అడిగామని, వారు అంగీకరించలేదని నెట్‌ఫ్లిక్స్ స్థాపకులు తరువాత చెప్పారు.

7.4 పతనం: కాలక్రమం

2004లో వయాకామ్ నుంచి విడిపోతూ బ్లాక్‌బస్టర్ వాటాదారులకు షేరుకు 5 డాలర్ల ప్రత్యేక డివిడెండ్ చెల్లించింది. ఇందుకు సుమారు 90 కోట్ల డాలర్లు కావలసి వచ్చింది, సంస్థపై అప్పు పెరిగింది. 2005లో ఆలస్య రుసుమును తొలగించడంతో ఆ ఆదాయమూ తగ్గింది. 2006లో తపాలా ద్వారా వచ్చిన డిస్కును షాపులో మార్చుకొనే మంచి పథకాన్ని ప్రారంభించినా, దాని ఖర్చును ఎక్కువ కాలం భరించలేకపోయింది.

నెట్‌ఫ్లిక్స్ స్ట్రీమింగ్ మొదలుపెట్టింది 2007లో. అదే సంవత్సరం అమెరికాలోని మరో పెద్ద అద్దె సంస్థ మూవీ గ్యాలరీ దివాలా రక్షణ కోరింది. అప్పటికి స్ట్రీమింగ్ తొలి అడుగులే వేస్తున్నదని గమనించండి. 2010 సెప్టెంబరులో దాదాపు 100 కోట్ల డాలర్ల అప్పుతో బ్లాక్‌బస్టర్ కూడా అదే దారి పట్టింది. 2013 నవంబరులో, మిగిలిన సొంత షాపులను మూసివేస్తున్నట్లు దాని కొత్త యజమాని డిష్ నెట్‌వర్క్ ప్రకటించింది. ఆ పేరుతో మిగిలిన చివరి షాపు ఓరెగాన్ రాష్ట్రంలోని బెండ్ పట్టణంలో ఉంది.

కాబట్టి చౌక డీవీడీ, తపాలా పోటీ, అప్పు ఈ వ్యాపారాన్ని ముందుగా దెబ్బతీశాయి. అది మళ్లీ కోలుకొనే అవకాశం లేకుండా చేసింది స్ట్రీమింగ్.

7.5 మారినది షాపు మాత్రమేనా?

ఇప్పుడు మొదట వేసుకున్న ప్రశ్నకు వద్దాం. క్యాసెట్, డిస్కు కాలంలో కాపీ షాపు యజమానికి చెందేది. స్ట్రీమింగ్‌లో ప్రేక్షకుడి చేతికి కాపీ రాదు, చూసే అనుమతి మాత్రమే వస్తుంది. అందువల్ల మొదటి అమ్మకం సూత్రం ఇక్కడ వర్తించదు. హక్కుదారుతో ఒప్పందం లేనిదే ఎవరూ సినిమాను అందించలేరు. ఒప్పందం ముగిస్తే సినిమా ఆ వేదిక నుంచి తొలగిపోతుంది. షాపు మూతపడినప్పుడు దాని డిస్కులు మరొకరి ఇంటికైనా చేరాయి. స్ట్రీమింగ్‌లో అలా మిగిలేది ఏదీ లేదు.

సియాటెల్‌లోని స్కేర్‌క్రో వీడియో 2014లో లాభాపేక్ష లేని సంస్థగా మారి, 1,40,000కు పైగా సినిమాల సేకరణను కాపాడుతున్నది. ఇది షాపు చేసే పని కంటే గ్రంథాలయం చేసే పనికి దగ్గరగా ఉంది.

అమెరికా సూత్రాన్ని మన దేశానికి యథాతథంగా వర్తింపజేయకండి. 1994 సవరణతో భారత కాపీరైట్ చట్టం సినిమా కాపీని అద్దెకు ఇచ్చే హక్కును హక్కుదారుకే కేటాయించింది.

7.6 సారాంశం

వీడియో షాపులు చట్టం, ధర అనే రెండు పునాదుల మీద ఏర్పడ్డాయి. డీవీడీతో ధర అనే పునాది కదిలింది. స్ట్రీమింగ్‌తో చట్టం అనే పునాది వర్తించకుండా పోయింది. మనకు సౌకర్యం పెరిగింది, కాపీ మీద హక్కు తగ్గింది. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే ఈ మార్పు మీకు పూర్తిగా అర్థమవుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. మొదటి అమ్మకం సూత్రం అంటే ఏమిటి?
2. బ్లాక్‌బస్టర్ పతనంలో స్ట్రీమింగ్‌కు ముందున్న కారణాలను వివరించండి.
3. మీ ఊళ్లో ఒకప్పుడు వీడియో లైబ్రరీ నడిపినవారు ఉంటే వారితో మాట్లాడి, అది మూతపడటానికి కారణాలను కాలక్రమంలో రాయండి.