కులం గడి లేని కౌంటర్

ఈ వారం చరిత్ర పాఠం ఒక పిల్లగాడి ప్రశ్నతో మొదలుపెడతాను.

మా కాలేజీలో డిగ్రీ చదివి పోటీ పరీక్షలకు తయారవుతున్నాడు. వాళ్ళ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. మొన్న నారాయణపేటలో మా ఇంటికొచ్చి అడిగాడు: "సార్, ఇంటెలిజెన్స్ బ్యూరోల కొలువొస్తే ఎయిర్‌పోర్టుల ఇమ్మిగ్రేషన్ కౌంటర్ మీద గూడ ఏస్తరంట. మా నాయినను వాపస్ పంపింది గసుంటి కౌంటరే. నేను ఆ పరీక్ష రాయాల్నా, వొద్దా?"

వాళ్ళ నాయిన బొంబాయిలో మట్టిపని చేసేవాడు. అక్కడ దొరికిన ఒక ఏజెంటును నమ్మి, అప్పు తెచ్చి, దుబాయి బయలుదేరాడు. పనికని చెప్పి ఏజెంటు చేతిలో పెట్టింది విజిట్ వీసా. కౌంటర్‌లో అధికారి పాస్‌పోర్టు తిరగేసి, "ఎంతవరకు చదువుకున్నావ్?" అని అడిగాడట. ఆ రాత్రే వెనక్కి పంపారు. అప్పు తీర్చడానికి మళ్ళీ నాలుగేళ్ళు బొంబాయి మట్టే మోశాడు. ఏజెంటుకు ఏమీ కాలేదు.

అధికారి కులం అడగలేదు. అడగాల్సిన అవసరం ఎందుకు లేకపోయిందో తెలియాలంటే ఆ కుర్చీ చరిత్ర తెలియాలి.

ఒకప్పుడు అడిగి మరీ రాసుకునేవారు. బ్రిటిష్ వలస రాజ్యాల్లో 1834లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు ఒప్పందపు కూలీలు కావలసివచ్చారు. మోసాలు బయటపడి గోల లేచాక, ఓడరేవుల్లో 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్' అనే అధికారిని పెట్టారు. అంటే వలసపోయేవాళ్ళ సంరక్షకుడు. ఓడ ఎక్కేముందు కూలీకి ఒప్పందం అర్థమైందా, ఇష్టపడే పోతున్నాడా అని అధికారులు విచారించాలి. మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా నటాల్‌కు పోయిన 1,52,184 మందిలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే పోయారు. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటిమీది గుర్తులు, వాటి పక్కనే కులం. దక్షిణాఫ్రికాలో ఉన్న వాళ్ళ మునిమనవలు తమ మూలాలు వెతుక్కునేది ఇవాళ్టికీ ఆ జాబితాల్లోనే. ఇష్టపడే పోతున్నావా అని అడిగారు గానీ, ఊళ్ళో బతకలేని గతి ఎవరు తెచ్చారని అడగలేదు. ఆ జవాబుకు జాబితాలో గడి లేదు.

అదే నటాల్ 1897లో ఇమ్మిగ్రేషన్ నియంత్రణ చట్టం చేసింది. కొత్తగా వచ్చేవాడు ఏదైనా యూరప్ భాషలో దరఖాస్తు రాసి చూపించాలి. ఒప్పందపు కూలీలు మాత్రం రావచ్చు. భారతీయుల కష్టం కావాలి, భారతీయులు వద్దు. 1901లో ఆస్ట్రేలియా ఇదే దారి పట్టింది. రేవులో అధికారి 50 మాటలు చదువుతాడు, వచ్చినవాడు తప్పుల్లేకుండా రాయాలి. ఏ భాషలో అన్నది అధికారి ఇష్టం. 1958 దాకా ఈ డిక్టేషన్ పరీక్ష నడిచింది. పరీక్ష పెట్టిన సెక్షన్‌లో రంగు, జాతి అన్న మాటలు లేవు. ఆ పని అక్షరమే చేసిపెట్టింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, పదో తరగతి పాసు కానివాళ్ళలో చాలామంది పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది. గల్ఫ్ సహా 18 దేశాలకు పనికోసం పోవాలంటే వాళ్ళు ప్రొటెక్టర్ అనుమతి తీసుకోవాలి. పదో తరగతి పాసైతే అక్కర్లేదు. ఆదాయపు పన్ను కట్టేవాడికీ అక్కర్లేదు. 2018 జనవరిలో ఈసీఆర్ వాళ్ళకు నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామని కేంద్రం ప్రకటించింది. గొడవ కావడంతో ఆ నెలలోనే వెనక్కి తీసుకుంది. కూలివాడు లైన్లో దూరం నుంచే కనబడాలన్న ఆలోచన అది.

నటాల్ చట్టమూ మన చట్టమూ ఒకటేనని నేను అనను. అది రానివ్వకుండా ఆపడానికి, ఇది మోసపోకుండా కాపాడడానికి. అనుమతితో పోయినవాడికి ఒప్పంద పత్రం ఉంటుంది, 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. కానీ రెండు చోట్లా గీత గీసింది చదువే. ఆ అనుమతిని తప్పించడానికే ఏజెంట్లు విజిట్ వీసా అంటగడతారు. దానితో పోయినవాడికి ఒప్పందమూ లేదు, బీమా కూడా లేదు. కౌంటర్‌లో దొరికేది ఏజెంటు కాదు, కూలివాడు.

పదో తరగతికి ముందే బడి మానింది ఎవరు? నా చిన్నప్పుడు మా బడిలో దసరా సెలవుల తర్వాత మా వాడ పిల్లల పేర్లు పిలిస్తే పలికేవాళ్ళు కాదు. అమ్మానాయినల వెంట బొంబాయి పోయేవాళ్ళు. ఒకప్పుడు నారాయణపేట రోడ్ అని పిలిచిన రైల్వేస్టేషన్ నారాయణపేటలో లేదు, కర్ణాటకలో సైదాపూర్ దగ్గర ఉంది. నిజాం రాజ్యంలోని మనకు మద్రాసు ఓడ కాదు, ఆ బొంబాయి రైలే దారి. బొంబాయి పోవడానికి ఎవరూ పాస్‌పోర్టు అడగరు, ఎవరూ కాపాడరు కూడా. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది, 2025 దాకా అమల్లో ఉండింది. దాని ప్రకారం కాంట్రాక్టరు ఇవ్వాల్సిన పాస్‌బుక్కు మా వాడలో ఎవరి చేతిలోనూ నేను చూడలేదు. భూమి లేక రైలెక్కారు, రైలెక్కి బడి పోగొట్టుకున్నారు, బడి లేక ముద్ర వేయించుకున్నారు. కులం తన పని ఊళ్ళోనే ముగించింది. కౌంటర్‌లో ఇక గడి ఎందుకు?

ఆ పిల్లగాడిని పరీక్ష రాయమన్నాను. మనవాడు కూర్చున్నంత మాత్రాన గీత చెరగదు. రిజర్వేషన్ మనల్ని కుర్చీ దాకా తెస్తుంది, రూలు మార్చాల్సింది ఉద్యమం. అయినా వెనక్కి పంపేటప్పుడు ఏ కాగితం లేదో ఆ మనిషి భాషలో చెప్పడం, ఏజెంటు పేరు రాసుకుని ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో చూపించడం ఏ రూలూ వద్దనదు. ఇక కార్యకర్తలం మనం చేయాల్సింది: డబ్బు కట్టకముందే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసిపెట్టడం, దసరా తర్వాత బడిలో పలకని పేర్లు ఎవరివో రాసుకోవడం.

రెండు రోజులకు వాడు ఫోన్ చేశాడు. "దరఖాస్తు పెట్టిన సార్. నాయినకు చెప్పిన. ‘కూసో బిడ్డా, గని నన్ను అడిగినట్టు ఎవల్ని అడగకు’ అన్నడు."

జై భీం.