బొమ్మ యోధుడి డాలుపై ఎవరి రంగు?

చరిత్రను ఎవరు రాస్తున్నారన్న ప్రశ్న రాజకీయాల్లో తరచూ వినిపిస్తుంది. ఆ చరిత్రకు రంగు ఎవరు వేస్తున్నారన్న ప్రశ్న మాత్రం అరుదు. మధ్యయుగ క్రూసేడ్ యోధుల చిన్న లోహపు బొమ్మలను సేకరించి రంగులు వేసుకోవడం పైకి ఏ రాజకీయమూ అంటని కాలక్షేపం. కానీ 54 మిల్లీమీటర్ల ఆ బొమ్మ డాలుపై శిలువకు ఏ రంగు పులమాలన్న సందేహం రాగానే రెండు శతాబ్దాల ఐరోపా రాజకీయం ముందుకొస్తుంది.

బొమ్మ సైనికుల పరిశ్రమ 18వ శతాబ్దిలో జర్మనీలోని న్యూరెంబర్గ్ ప్రాంతంలో, తగరంతో పోసిన పలుచని బొమ్మలతో విస్తరించింది. 1893లో విలియం బ్రిటన్ సంస్థ లోపల బోలుగా ఉండే సీసపు బొమ్మల తయారీని మొదలుపెట్టింది. లోహం తక్కువ పట్టడంతో ధర తగ్గింది. సామ్రాజ్యపు పటాలాలు పిల్లల గదుల్లోకి కవాతు చేశాయి. హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియం బాలల విభాగంలో బారులు తీరిన బొమ్మ సైనికులు ఆ అభిరుచి మన గడప దాకా వచ్చిందనడానికి సాక్ష్యం. ప్లాస్టిక్ వచ్చాక లోహపు బొమ్మలు క్రమంగా పెద్దల సేకరణ వస్తువులయ్యాయి. వాటిలో శిలువ ధరించిన మధ్యయుగ యోధుడికి ప్రత్యేక స్థానం దక్కింది.

ఆ యోధుడనగానే కళ్ల ముందు నిలిచే రూపం ఒకటే: ముఖమంతా కప్పే ఇనుప శిరస్త్రాణం, తెల్లని అంగీ, దానిపై ఎర్రని శిలువ. 1099లో జెరూసలేంను పట్టుకున్న సైన్యానికి ఈ రూపం సరిపోదు. వారిది ముక్కును మాత్రమే కాచే శంఖాకారపు శిరస్త్రాణం, ఇనుప వలయాల కవచం, కింది కొన సన్నబడిన పొడవాటి డాలు. ముఖం మొత్తాన్ని మూసే శిరస్త్రాణం 13వ శతాబ్ది నాటిది. 1095లో క్లెర్మాంట్ సభలో పోప్ రెండవ అర్బన్ పిలుపు విన్నవారు గుడ్డ శిలువలను బట్టలపై కుట్టుకున్నారు తప్ప, వారికి ఏకరూప దుస్తులు లేవు. టెంప్లర్లకు ఎర్ర శిలువ దక్కింది 1147 ప్రాంతంలో. హాస్పిటలర్లది నల్లని వస్త్రంపై తెల్ల శిలువ, ట్యూటానిక్ వర్గానిది తెల్లదానిపై నల్ల శిలువ. 1188లో గిజోర్‌లో రాజులు కుదుర్చుకున్న ఏర్పాటు మరీ విచిత్రం. ఫ్రెంచివారికి ఎరుపు, ఇంగ్లీషువారికి తెలుపు, ఫ్లాండర్స్ వారికి ఆకుపచ్చ. నేడు ఇంగ్లండ్ తన జెండాపై ఎగరేసే ఎర్ర శిలువ ఆనాడు ఫ్రాన్స్‌ది.

మరి ఒకే రంగు, ఒకే రూపం మన ఊహలో ఎలా స్థిరపడ్డాయి? అందులో 19వ శతాబ్దిది పెద్ద చేయి. 1825లో వెలువడిన వాల్టర్ స్కాట్ నవల ‘ది టాలిస్‌మన్’ రిచర్డ్, సలాదిన్‌లను శృంగారభరిత వీరగాథలోని పాత్రలుగా నిలిపింది. ఫ్రాన్స్‌లో 1830 విప్లవంతో గద్దెనెక్కిన లూయీ ఫిలిప్, తనను అనుమానంగా చూసే పాత ప్రభువంశాలను మచ్చిక చేసుకోవాలనుకున్నాడు. వెర్సాయ్ ప్రాసాదంలో క్రూసేడ్ల పేరిట మందిరాలు కట్టించి, యోధుల వంశచిహ్నాలను గోడలపై చిత్రింపజేశాడు. అక్కడ తమ డాలు కూడా కనిపించాలని కుటుంబాలు పోటీపడ్డాయి. దాంతో నకిలీ పత్రాల వ్యాపారం పుట్టింది. పూర్వీకులు క్రూసేడ్‌కు వెళ్తూ ఇటలీ వర్తకుల వద్ద అప్పు తీసుకున్నట్టు దస్తావేజులు తయారయ్యాయి. అవి నకిలీవని చరిత్రకారులు తేల్చింది తర్వాతి శతాబ్దంలో. అధికారానికి పూర్వీకులు కావలసి వస్తే వారి డాలు, రంగు, ఆఖరికి అప్పు పత్రం కూడా దొరుకుతాయి.

ఆ రంగు ఇంకా ఆరలేదు. 2001 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ ఉగ్రవాదంపై పోరును క్రూసేడ్ అన్నాడు. 2017లో షార్లట్స్‌విల్‌లో శ్వేతజాతి ఆధిక్యవాదులు క్రూసేడ్ నినాదం రాసిన డాళ్లు పట్టారు. రెండు మతాల మధ్య గీసిన సరళరేఖే వారికి కావలసిన గతం. అసలు గతంలో ఆ రేఖ అంత సూటిగా లేదు. 1139-40లో జంగీని నిలువరించడానికి జెరూసలేం క్రైస్తవ రాజ్యం, డమాస్కస్ ముస్లిం పాలకులు చేతులు కలిపారు. స్థానికంగా చేర్చుకున్న తుర్కోపోల్ ఆశ్వికులు క్రైస్తవ సైన్యాల్లో పోరాడారు. 1204లో క్రూసేడ్ సైన్యం దోచుకున్నది క్రైస్తవ నగరమైన కాన్‌స్టాంటినోపుల్‌ను.

తెలుగు పాఠకుడికి ఇది పరాయి కథ కాదు. విజయనగరాన్ని ఒకే మతపు కోటగా చిత్రించేవారికి రెండవ దేవరాయలు అడ్డు తగులుతాడు. 15వ శతాబ్దిలో ఆయన ముస్లిం విలుకాండ్రను, ఆశ్వికులను కొలువులో చేర్చుకుని, వారి కోసం తన సింహాసనం ముందు ఖురాన్ ఉంచాడని ఫెరిష్తా నమోదు చేశాడు.

శ్రద్ధగల బొమ్మల చిత్రకారుడు నల్లని పూతపై పొడి కుంచెతో వెండి రంగు తాకించి ఇనుప వలయాలను ఒక్కొక్కటిగా తేలుస్తాడు. ఆ తర్వాత శిలువ గీసే ముందు ఆగి, ఇది ఏ సంవత్సరం, ఎవరి సైనికుడు అని అడుగుతాడు. సభావేదికల మీద చరిత్ర వల్లించేవారిలో అంతమాత్రపు జాగ్రత్త కనిపించదు. వారి రంగును ప్రశ్నించవలసిన బాధ్యత వినేవారిదే.